ఇక్కడి కోటు

పానకాలు మాస్టారి కుట్టుగదిలో ఒక ఆచారం ఉంది. బట్టను ఎవరు కుట్టారో వారే దాన్ని కొన్న మనిషి చేతికి అందించాలి. అది ఎన్నాళ్లకు చిరిగినా ఆ చేతి దగ్గరికే తిరిగి రావాలి. మరొకరు దానిమీద సూది పెట్టకూడదు. ఎందుకని అడిగితే మాస్టారు చెప్పరు. కెటిల్‌లో నీళ్లు పోసి, "టీ తాగుతారా?" అంటారు.

ఆయన మంగళగిరి నేతవారి బిడ్డ. చెకొస్లొవేకియా ఇంకా ఒకే దేశంగా ఉన్న రోజుల్లో జౌళి చదువుకు వెళ్లి, బ్రనో నగరంలోని ఒక ఉన్ని మిల్లులో ఇంజనీరుగా చేరారు. దేశం రెండైంది, మిల్లు మూతపడింది. ఆయన మాత్రం ఊరు వదల్లేదు. ట్రామ్ మలుపు తిరిగే చోట ఒక మేడ కింది గదిలో శనివారాలు కుట్టు నేర్పుతారు. చదువుల కోసం ఆ ఊరు చేరిన తెలుగువాళ్లం కొందరం ఆయన శిష్యులమయ్యాం. మేం వెళ్లింది కాలక్షేపానికి కాదు. కొనే ప్రతి చొక్కా ఒక ఓటు అని నమ్మి వెళ్లాం. పెద్ద అంగళ్లలో ఈ నెల వేలాడి వచ్చే నెల చెత్తకుప్పకు చేరే గుడ్డల వెనక ఏ ఊరి ఏరు రంగు మారిందో, ఎవరిని గదిలో పెట్టి తాళం వేసి కుట్టించారో లేబుల్ మీద రాయరు. చవక అంటే ధర కాదు, కంటికి కనబడని మనిషి మీద మోపిన బరువు. ఈ మాట నాది కాదు, ఎక్కడో చదివినదే. అయినా దానిలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

మాలో ఉదయిని అందరికంటే గట్టిది. చీరాల పిల్ల. వాళ్లమ్మ నేసే చీరల్లాంటివే మరమగ్గం మీద దింపి, 'చేనేత' అని ముద్ర కొట్టి, అదే వీధిలో సగం ధరకు అమ్మడం మొదలుపెట్టాక ఇంట్లో మగ్గం ఎలా ఆగిపోయిందో ఆమె కళ్లారా చూసింది. "ముద్ర అబద్ధమాడితే మగ్గం చస్తుంది" అనేది. ఆ మాట మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు.

ఆ ఏడు చలి మొదలవుతుండగా నగరంలో స్థానిక బట్టల సంత ఒకటి తలపెట్టారు. మైదానంలో కొంత మేర చుట్టూ తాడు కడతారు. తాడు లోపల అమ్మేదంతా ఇక్కడిదే అయి ఉండాలి. యిట్కా అనే ఆవిడ ఆ సంతకు పెద్ద. ఆవిడ ప్రతి బల్ల దగ్గరా ఆగి, ఒక్కో బట్టనూ పైకెత్తి, "ఇది ఇక్కడిదేనా?" అని జనం వినేలా అడుగుతుంది. బల్ల తరఫున ఒకరు జనం వినేలా జవాబు చెప్పాలి. కాగితాలూ సంతకాలూ ఉండవు, మాటే ప్రమాణం. మా బల్ల తరఫున జవాబు చెప్పడానికి ఉదయినిని ఎంచుకున్నాం. అబద్ధం ఆడమన్నా ఆడలేని మనిషి మాలో ఆమె ఒక్కతే.

చిక్కు హ్వా గారి కోటు దగ్గర వచ్చింది. హ్వా వియత్నాం మనిషి. పెళ్లి కూడా కాని వయసులో, మాస్టారు పనిచేసిన మిల్లుకే కూలికి వచ్చింది. మిల్లు పోయాక ఊరి చివర రేకుల కొట్టు పెట్టి, ఎక్కడెక్కడినుంచో మూటల్లో దిగే చవక బట్టలు అమ్ముకుంది. ఈమధ్య ఆ రేకుల కొట్లన్నీ తీసేశారు. అప్పటినుంచి మాస్టారి గదిలోనే ఒక మిషన్ ముందు కూర్చుంటోంది. ఇక ఆమెకున్న ఆధారం సూది ఒక్కటే. తాడు లోపల చోటు దొరికితే ఆమె కుట్టుపని నలుగురి కంటా పడుతుంది, పని వస్తుంది. దొరక్కపోతే ఊరి బయటి గోదాములో పెట్టెలు కట్టే పనికి పోవాలి. ఆ వయసులో, ఆ నొప్పెట్టే నడుంతో.

సంతకు ముందు శనివారం మేమందరం బల్ల చుట్టూ ఉండగా ఉదయిని అడిగింది.

"మాస్టారూ, ఇక్కడిది అంటే ఏదండీ?"

"టీ తాగుతావా అమ్మా?"

"వద్దండీ. నాకు జవాబు కావాలి. వచ్చే వారం అంతమందిలో నేను నోరు తెరవాలి. హ్వా ఆంటీ కోటు ఇక్కడిదని నేను చెప్పలేను. ఆవిడ నిన్నమొన్నటిదాకా ఏం అమ్మిందో ఊరందరికీ తెలుసు."

రేపల్లె నుంచి వచ్చిన సుభానీకి ఊరుకోవడం చేతకాదు. "మీ అమ్మగారి చీరకి జరీ ఎక్కడిది ఉదయినీ? సూరత్‌దేగా?"

"నోర్ముయ్. అది వేరు."

"వేరే. ఎలా వేరో చెప్పు, నేర్చుకుంటాను."

"సుభానీ!" అన్నారు మాస్టారు. వాడు తల దించుకున్నాడు.

ఆ గదిలో తెలుగు రానిది హ్వా ఒక్కతే. తన పేరు చెవిన పడి ఆమె మిషన్ ఆపింది. మాస్టారు ఆమె వైపు తిరిగి, ఉదయిని అన్నదంతా ఉన్నదున్నట్టు చెక్ భాషలో చెప్పారు. ఒక్క ముక్క కూడా మెత్తబరచలేదు. ఉదయిని ముఖం ఎర్రబడింది. తన మాటను మరో భాషలో వినడం అంత సుళువు కాదు.

హ్వా లేచింది. మూలన నిలబెట్టిన దర్జీ బొమ్మకు తొడిగి ఉన్న తన కోటును విప్పి తెచ్చి బల్ల మీద పరిచింది. ముదురు నీలం ఉన్ని కోటు, శరదృతువంతా కూర్చుని కుట్టినది. కుట్లు విప్పే చిన్న కత్తిని దానిమీద పెట్టి, మాస్టారితో నెమ్మదిగా అంది: "ఇక్కడిది కానిదేదో విప్పేయమనండి."

ఆయన ఆమెను ఆపుతారనుకున్నాం. ఆపలేదు. "విన్నావుగా అమ్మా" అన్నారు ఉదయినితో.

మరొకరైతే తప్పైపోయిందని అక్కడితో వదిలేసేవారు. ఉదయిని కత్తి తీసుకుంది. మొండితనం అనుకోకండి. తన ప్రశ్న మీద ఆమెకు అంత గౌరవం.

ముందు లైనింగ్ విప్పింది. అది ఏ దేశం నుంచి వచ్చిందో థాను అంచు మీదే అచ్చు వేసి ఉంది. ఆ తర్వాత భుజాల లోపలి మెత్తలు. ఆ తర్వాత ఛాతీ నిలవడానికి లోపల వేసిన కాన్వాసు. ఒక్కొక్కటే పక్కకు పెడుతుంటే కోటు వడలిపోయింది. హ్వా కళ్లు కత్తి మొనను వదల్లేదు. పటుక్కుమని ఒక్కో కుట్టు తెగినప్పుడల్లా ఆమె బొటనవేలు చూపుడువేలిని నొక్కుకోవడం నాకు కనబడుతూనే ఉంది.

"దారమో?" అన్నాడు సుభానీ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

ఉదయిని దారపు రీలును తిప్పి అడుగున చూసింది. దాన్నీ పక్కన పెట్టి, చేతుల కుట్లు విప్పసాగింది. కుడి చెయ్యి ఊడింది. ఎడమ చెయ్యి ఊడింది. వీపు రెండు ముక్కలైంది. బల్ల మీద ఉన్ని గుడ్డ ముక్కలు మిగిలాయి. అక్కడ ఆమె ఆగి, కాస్త ఆశగా తలెత్తింది.

"ఈ గుడ్డ మీ పాత మిల్లుదే కదండీ? ఇది ఇక్కడిదేగా?"

"నేత ఇక్కడిదే. ఉన్ని ఆస్ట్రేలియా గొర్రెలది."

"నేసినవాళ్లు?"

మాస్టారు గడ్డంతో హ్వా వైపు చూపించారు. "ఈ థాను దిగిన మగ్గం మీద ఆ రోజుల్లో ఉన్నది ఈవిడే."

ఉదయిని చెయ్యి గుడ్డ మీదే నిలిచిపోయింది. ట్రామ్ ఒకటి మలుపు తిరగడంతో కిటికీ అద్దాలు గలగలలాడాయి. అది వెళ్లిపోయాక ఆమె ఆ ముక్కల్ని కూడా, చాలా నెమ్మదిగా, పక్కకు జరిపింది. బల్ల మధ్య గుండీలు మిగిలాయి. చెక్ దేశపు ఉత్తరాది కొండ ఊళ్లలో పోతపోసిన నీలం గాజు గుండీలు.

హ్వా వాటిని ఏరి, ఉదయిని అరచేతిలో పోసి, తన చేత్తో ఆమె వేళ్లు మూసింది.

"ఇదిగో ఇక్కడి కోటు. చలి వస్తోంది, తొడుక్కో."

ఎవరూ నవ్వలేదు. సుభానీ కూడా నవ్వలేదు. ఉదయిని కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ గొంతు తగ్గలేదు. "అయితే అంతా ఒకటేనా మాస్టారూ? ఎవరైనా ఏ ముద్రైనా కొట్టుకోవచ్చా? మరి మా అమ్మ మగ్గం ఎందుకు ఆగినట్టు?"

ఆ ప్రశ్నకు నాకూ జవాబు కావాలి. మీకు అక్కర్లేదనుకోను. మాస్టారు టీ సంగతి ఎత్తలేదు. జవాబూ చెప్పలేదు. హ్వా ఒక స్టూలును కాలితో ఉదయిని వైపు తోసి, ఎడమ చెయ్యి ముక్కను ఆమె ఒళ్లో పడేసి, "పట్టుకో. విప్పినదానివి కుట్టు" అంది.

ఆ వారమంతా ఉదయిని క్లాసులు ఎగ్గొట్టింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నేను వెళ్లినప్పుడు మాత్రం హ్వా ఆమె కుట్టిన కోటు చేతిని మళ్లీ విప్పిస్తూ ఉండేది.

సంత రోజు మంచు సన్నగా రాలుతోంది. తాడు లోపల మా బల్ల ముందు యిట్కా ఆగింది. వెనక జనం గుమిగూడారు. మా చొక్కాలూ సంచులూ చూశాక కోటును పైకెత్తింది. హ్వా ముఖాన్నీ కోటునూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు మాకు కొత్త కాదు. ఆ దేశంలో మమ్మల్నీ అలాగే చూస్తారు.

"ఇది ఇక్కడిదేనా?"

అవును అనే ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో హ్వాకు చోటు దొరుకుతుంది. మేమందరం మనసులో ఆ మాటను ఉదయిని నోటికి అందిస్తూనే ఉన్నాం. హ్వా తలెత్తలేదు, బల్ల మీది మంచును అరచేత్తో తుడుస్తోంది.

"గుండీలు ఇక్కడివి" అంది ఉదయిని. "ఉన్ని, దారం, లైనింగ్ దూరం నుంచి వచ్చాయి. గుడ్డ నేసిందీ కోటు కుట్టిందీ ఈవిడ. ఎడమ చెయ్యి నేను కుట్టాను. మేమిద్దరం కూడా దూరం నుంచే వచ్చాం. ట్రామ్ మలుపు దగ్గర కింది గదిలో ఉంటాం. చిరిగితే అక్కడికి తేవచ్చు."

"నేనడిగింది అవునా, కాదా అని."

"అవునంటే అబద్ధం. కాదంటే ఇంకా పెద్ద అబద్ధం."

జనంలో ఎవరో ముసిముసిగా నవ్వారు. యిట్కా నవ్వలేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు. దొంగ ముద్రల వల్ల ఆ ఊళ్లో మూతపడిన దర్జీ దుకాణాలను చూసి చూసి ఈ తాడు కట్టిన మనిషి. కోటును జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి, "ఒక్కరికి సడలిస్తే అందరూ దూరతారు. దీన్ని తాడు బయట పెట్టండి. మిగతావి ఉండొచ్చు" అంది.

ఉదయిని బల్లకు ఒక కొస పట్టుకుంది. మాస్టారు వచ్చి రెండో కొస పట్టుకున్నారు. మేం చొక్కాలూ సంచులూ చంకన పెట్టుకుని వెనకే నడిచాం. తాడు కింద నుంచి దూరుతూ సుభానీ, "ఈ తాడు ఏ దేశపు జనపనారో అడగాల్సింది" అని గొణిగాడు.

బయట గాలి ఎక్కువ, జనం తక్కువ. హ్వా కోటు మడత విప్పి బల్ల మీద పరిచింది. తర్వాత అంది: "ఒక్క మాటతో సరిపోయేది."

"తెలుసు ఆంటీ."

"నా రేకుల కొట్టులో రోజంతా ఆ మాటే చెప్పేదాన్ని. అవునండీ, ఇక్కడిదేనండీ అని." తన మెడకున్న మఫ్లరు తీసి ఉదయిని మెడకు చుట్టింది. చుట్టడంలో కోపం ఉంది, ముడి మాత్రం మెత్తగా వేసింది.

పొద్దువాలే వేళకు ట్రామ్ నడిపే ఒకావిడ డ్యూటీ దిగి అటుగా వచ్చింది. కోటు తొడుక్కుని చూసింది. భుజాలు కదిపింది. ఎడమ చంక కింద ఒకసారి తడుముకుంది. ఎక్కడిదని అడగలేదు. "చిరిగితే?" అని మాత్రం అడిగింది. హ్వా మా గది ఎక్కడుందో చేత్తో చూపించింది. రోజూ అటే తిరుగుతానంది ఆవిడ. హ్వా కుడి వైపు, ఉదయిని ఎడమ వైపు పట్టుకుని కోటును ఆమె చేతికి అందించారు. ఆ రోజు మా బల్ల మీద అమ్ముడైంది అదొక్కటే. హ్వాకు పని దొరుకుతుందో, గోదాముకే పోతుందో ఆ పూటకి ఎవరికీ తెలియదు.

నీలం కోటు మంచులో కనుమరుగయ్యేదాకా చూసి, ఉదయిని మాస్టారి వైపు తిరిగింది.

"మీరు నా ప్రశ్నకు జవాబు చెప్పనే లేదు మాస్టారూ. అది ఎక్కడిదండీ?"

మాస్టారు చేతులు రుద్దుకుంటూ ట్రామ్ పట్టాల వైపు చూశారు.

"చిరగనివ్వు తల్లీ. ఎక్కడికి వస్తుందో చూద్దాం."