చెండ్రాయుడి తుమ్ము

కథ చెప్పేవాళ్ళకు చెంబెడు నీళ్ళు, వినేవాళ్ళకు చాపంత నీడ కావాలి. రెండూ అమరాయి కాబట్టి మొదలుపెడతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టండి. లేకపోతే మీరు నిద్రపోయారనుకుని ఆపేస్తాను.

అనగనగా ఒక కొండ. దాని పేరు సోనకొండ. నడి ఎండాకాలంలో కూడా ఆ కొండ మీద సన్నని నీటిజల్లులా ఒక సోన పడుతూ ఉండేది. దాని కింద తల పెడితే ఏడాది తాపమంతా దిగిపోతుందని పేరు. ఇంకేం, ఎండలు ముదరగానే చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ కొండకే కదిలేవి. ముసలివాళ్ళు మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవాళ్ళు, కొత్త జంటలు సరదాకి వచ్చేవాళ్ళు, పిల్లలు నీళ్ళలో గంతులెయ్యడానికి వచ్చేవాళ్ళు. నేల ఈనినట్టు జనం.

కొండ చల్లనిదే. కొండకు పోయే దారి మాత్రం చల్లనిది కాదు. కొండకు ఈవల నల్లబండ ఒకటి కనుచూపు మేర పరుచుకుని ఉండేది. దాని మీద చెట్టు లేదు, చేమ లేదు. జనం దాన్ని పెనంబండ అనేవాళ్ళు. పొద్దున్నే దాటితే హాయి. సాయంత్రం కొండనీడ దిగి, గాలి మళ్ళాక దాటితే ఇంకా హాయి. మిట్టమధ్యాహ్నం దాటితే మనిషి ఆవలి గట్టు చేరతాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

బండకు ఈ చివర ఒక కానుగతోపు. అందులో ఒక గుడిసె. అందులో చెండ్రాయుడు అనే ముసలాయన ఒక్కడే ఉండేవాడు. మోదుగాకులు కోసుకొచ్చి, సన్నని ఈనెలతో విస్తళ్ళు కుట్టడం ఆయన పని. కొండ మీద అన్నాలు తినేవాళ్ళంతా ఆయన కుట్టిన విస్తళ్ళలోనే తినేవాళ్ళు. ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం పూట ఎవరైనా బండ మీదికి దిగబోతే చెండ్రాయుడు మొదట్లో మంచిగా చెప్పేవాడు.

"ఎండ నాయనా, పొద్దు వాలనీండి."

జనం నవ్వేవాళ్ళు. "ఎండాకాలం ఎండ గాక వాన కురుస్తాదా తాతా?" అని దిగిపోయేవాళ్ళు. వాళ్ళలో కొందరిని మోసుకుని వెనక్కి తెచ్చేవాళ్ళు. మంచిమాట ఎవరికి రుచించింది గనుక?

అప్పుడు చెండ్రాయుడికి ఒక ఉపాయం తట్టింది. బయలుదేరే మనిషిని చూసి, చేతిలో ఉన్న ఈనె కొస ముక్కులో పెట్టుకున్నాడు. హాచ్!

ప్రయాణం కట్టేటప్పుడు ఒంటితుమ్ము వినబడితే మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలిసిందే. ఎంతటి మొనగాడైనా ఆగాలి. కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు లేవాలి. వాళ్ళు కూర్చున్నారు, తాగారు, లేచారు. మళ్ళీ హాచ్. మళ్ళీ కూర్చున్నారు, తాగారు, లేచారు. మళ్ళీ హాచ్. మూడు తుమ్ములు పడ్డాక అడుగు ముందుకు వెయ్యడానికి ఎవరికి గుండె ఉంటుంది? మూటలు విప్పారు. అంబలి తాగారు, ఉల్లిపాయ కొరికారు, తడిగుడ్డ మొహాన కప్పుకుని కానుగ నీడలో పడుకున్నారు. ఎండ అంటే వినని మనిషి తుమ్ము అంటే విన్నాడు చూశారా. మన సంగతే అంత.

పొద్దు వాలి కొండనీడ బండ మీదికి దిగాక చెండ్రాయుడు వరసగా రెండుసార్లు తుమ్మేవాడు. ఒంటితుమ్ము కీడు, జంటతుమ్ము మేలు. జనం సంబరంగా లేచి, చల్లగాలికి పాటలు పాడుకుంటూ బండ దాటేవాళ్ళు. కొండ మీదికి చేరి, స్నానాలు చేసి, కడుపునిండా తిని, ఆ తర్వాత ఆయన్ని తిట్టేవాళ్ళు.

"దారిలో ఎవుడో దరిద్రపు తుమ్ములాయన, పగలంతా పాడు చేసినాడు."

ఒక ఏడు ఏమైందంటే, గాజులమ్మేవాళ్ళు గాజులు గుచ్చిన మలారాలు ఎత్తుకుని వచ్చారు. చెండ్రాయుడు తుమ్మాడు. వాళ్ళు తిట్టుకుంటూ కూర్చున్నారు. మర్నాడు పెళ్ళివారు వచ్చారు. చెండ్రాయుడు తుమ్మాడు. పెళ్ళికొడుకు మేనత్త మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టి కూర్చుంది. ఆ తర్వాత కొండ మీద జాతర నడిపే పెద్ద వీరనాగప్ప వచ్చాడు, దేవుడికి పూలహారం పట్టించుకుని, డప్పులతో. చెండ్రాయుడు తుమ్మాడు. డప్పులు ఆగిపోయాయి. పూలహారం సాయంత్రానికి వాడిపోయింది.

వీరనాగప్ప చెడ్డవాడు కాదు. కాకపోతే తన మాటకు అడ్డం పడితే ఓర్చుకోలేడు. అలాంటివాళ్ళు చెడ్డవాళ్ళకంటే ఎక్కువ చెరుపు చేస్తారు. ఆయన గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ముసలోడా, ఇంగొక్క ఒంటితుమ్ము ఇనబడిందంటే ఈ తోపులో నీకు చోటు లేదు. మూటా ముల్లె సర్దుకోని పోవాల్సిందే."

చెండ్రాయుడు తల ఊపాడు. ఆయనకు ఈ లోకంలో ఆ తోపు తప్ప ఇంకేమీ లేదు. పెళ్ళాం సుంకులమ్మను ఆ కానుగల కిందే మట్టి చేశాడు. రోజూ పొద్దున్నే ఆ మట్టి మీద రాలిన పూలు ఊడ్చి, అప్పుడు పనికి కూర్చునేవాడు. అందుకని ఈనె ముక్కు దగ్గరికి పోనియ్యలేదు. మధ్యాహ్నం దిగేవాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి బతిమాలాడు. కొందరు విన్నారు, చాలామంది వినలేదు.

అప్పుడు వచ్చారు తిప్పన్న, అతని పెళ్ళాం ఓబుళమ్మ. ఆమెకు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఈ కడుపైనా నిలబడాలని సోన కింద తడుస్తానని మొక్కుకుంది. మొహం కందిపోయి ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అయినా ఆగేటట్టు లేదు.

"అమ్మా, పొద్దు వాలనీ," అన్నాడు చెండ్రాయుడు.

"పొద్దుండగానే తడవాలని మొక్కుకున్న తాతా. ఆలస్యమైతే దేవుడు ఒప్పుకోడు," అంది ఓబుళమ్మ.

"సోన యాడికీ పోదు తల్లీ. రేపు కూడా పొద్దు పొడుస్తాది."

"నువ్వు ఊరుకో తాతా. మాకు తెల్దా?" అన్నాడు తిప్పన్న.

పక్కనే వీరనాగప్ప మనిషి కావలి ఉన్నాడు. చెండ్రాయుడు అతన్ని చూశాడు. కానుగల కింద మట్టిని చూశాడు. ఓబుళమ్మ కడుపును చూశాడు. ఆమె పాదం బండ మీద పెట్టబోయింది.

హాచ్.

ఓబుళమ్మ ఉన్నచోటే కూలబడింది. తిప్పన్న నీళ్ళు పట్టాడు. కావలివాడు ఒక్క ఉరుకున తన దొర దగ్గరికి పోయాడు.

నీళ్ళు తాగాక ఓబుళమ్మకు ముసలాయన చేతిలో ఈనె కనబడింది. ఆమె తెలివైన పిల్ల. అంతా అర్థమైంది.

"కావాలనే తుమ్మినావు కదా తాతా. ఎందుకట్ల?"

చెండ్రాయుడు ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాడు.

"నా పెండ్లాం సుంకులమ్మ ఇట్లాంటి మధ్యాహ్నమే విస్తళ్ళ కట్ట నెత్తిన పెట్టుకోని బండ మీదికి దిగింది. కొండ మీద అన్నం పెట్టే ఏళయింది, పోయొస్తా అనింది. అప్పుడే నాకు తుమ్మొచ్చింది తల్లీ. బయల్దేరేటప్పుడు తుమ్మితే ఆమెకు కీడని ముక్కు గట్టిగా పట్టుకున్నా. తుమ్మును మింగినా. ఆమె పోయింది, ప్రాణంతో తిరిగి రాలా. ఆ పొద్దు తుమ్మింటే, కుచ్చోని నీళ్ళు తాగేది. బతికుండేది."

ఓబుళమ్మ ఏడ్చింది. ఏడ్చి, ఆ అలసటకు ఆ నీడలోనే నిద్రపోయింది. తిప్పన్న ఆమెకు విసురుతూ విసురుతూ తానూ కునుకు తీశాడు.

వీరనాగప్ప ఆ పూట తోపు అవతలి పక్కనే గుడారంలో చాప మీద పడుకుని ఉన్నాడు. ఎండ తగ్గాక కొండెక్కుదామని ఆయన అనుకుంటున్నాడు. కావలివాడి మాట వినగానే లేచి వచ్చాడు.

"చెప్పిందే చెప్పినా. లెయ్."

"పొద్దు వాలినాక పోతా సామీ. బండకావల నా చెల్లెలు ఊరుంది."

"ఇప్పుడే."

చెండ్రాయుడు ఉన్న ఒక్క దుప్పటి మూట కట్టుకున్నాడు. పెళ్ళాన్ని మట్టి చేసిన చోట రాలిన పూలు చేత్తో ఊడ్చాడు. బండ వైపు నడిచాడు. తోపు నిండా జనమే, కొండకు పోయేవాళ్ళూ, పోయి తిరిగొచ్చినవాళ్ళూ. గాజులవాళ్ళు చూశారు. పెళ్ళివారు చూశారు. డప్పులవాళ్ళు చూశారు. పాపం అనుకున్నారు కూడా. ఆయన బండ అంచున ఒక్క క్షణం ఆగాడు. ఎవరైనా తుమ్ముతారేమోనని ఆగాడని నేననుకుంటాను. ఎవరూ తుమ్మలేదు. ఆయన దిగిపోయాడు.

కొండనీడ దిగేవేళకు ఓబుళమ్మకు మెలకువ వచ్చింది. గుడిసె ఖాళీగా ఉంది.

"తాత యాడ?"

"బండ మీద పోయినాడు," అన్నారు.

"ఎప్పుడు?"

"మిట్టమధ్యాన్నం."

ఓబుళమ్మ వాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. "ఇంతమంది ఉండారు కదా. ఒక్కరూ తుమ్మలేదా?"

వీరనాగప్ప తల దించుకున్నాడు. జనం దివిటీల కోసం కూడా ఆగకుండా బండ మీదికి పరుగెత్తారు. సగం దూరంలో చెండ్రాయుడు ఒక రాతికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, అలసిపోయి కాస్త ఆగినట్టు. ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. ప్రాణం మాత్రం లేదు. వీరనాగప్పే ఆయన్ని భుజాన వేసుకుని తోపుకు మోసుకొచ్చాడు. సుంకులమ్మ పక్కనే మట్టి చేశారు.

ఓబుళమ్మ మర్నాడు పొద్దుండగానే సోన కింద తడిసింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, బతికింది. వీరనాగప్ప ఆ పై ఏడు ఎండాకాలమంతా గుడిసె ముందు కూర్చుని విస్తళ్ళు కుట్టాడని కొందరంటారు. అది నేను నమ్మను. ఆయనకు కుట్టడం రాదు. మధ్యాహ్నం పూట కూర్చుని తుమ్మాడంటే మాత్రం నమ్ముతాను.

సోనకొండకు ఇప్పుడూ జనం పోతారు. బండ మీద ఇప్పుడు తారురోడ్డు పడింది, బస్సులు పోతాయి. అయినా మిట్టమధ్యాహ్నం తోపు దగ్గర బస్సు ఆపుతారు. ఎవరో ఒకరు తుమ్ముతారు. రాకపోతే "హాచ్" అని నోటితో అంటారు. "కుచ్చున్యాం తాతా" అని అందరూ దిగి నీడలో కూర్చుంటారు. మజ్జిగ తాగుతారు, ఉల్లిపాయ కొరుకుతారు, కాసేపు నడుం వాలుస్తారు. పొద్దు వాలాక డ్రైవరు రెండుసార్లు తుమ్మితేనే బస్సు కదులుతుంది. ఆ సీమలో తుమ్మిన మనిషిని ఎవరూ విసుక్కోరు.

ఇంకొక మాట కూడా ఆ సీమలో మిగిలిపోయింది. తొందరపడి ఎవరైనా చేటు తెచ్చుకుంటే, మన వైపు వాళ్ళ ఖర్మ అంటాం. అక్కడ అలా అనరు. "అంతమంది ఉండి, ఒక్కరూ తుమ్మలేదా?" అని అడుగుతారు. అడిగి, ముందు తమ మొహమే కిందికి దించుకుంటారు.