నిండిన దీవి

నడిసముద్రంలో ఒక దీవి. ఈగలు పట్టి తినే ఒక జాతి పిట్టలు, లోకంలో ఇంకెక్కడా లేనివి, ఆ దీవి మీద ఉండేవి. అప్పటికి రెండే మిగిలాయి, ఒక మగపిట్ట, ఒక ఆడపిట్ట. పాత గూడు గాలివానకి కొట్టుకుపోయింది. ఆడపిట్ట గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.

ఆ దీవిని ఏలే దొర ఒక మాట అనేశాడు. "పున్నమి నాడు వచ్చి వింటాను. పిట్ట కూత వినబడిన కొండ అడవిగానే ఉంటుంది. వినబడని కొండని నరికించి కొబ్బరితోట వేయిస్తాను."

జనం గుండెల్లో రాయి పడింది. పిట్టలు రెండు, కొండలేమో నాలుగాయె! తేనె పట్టే ముసలమ్మ ఒక్కతే బెదరలేదు. "అదెంత పని! మనమే కూద్దాం" అని ఆకు మడిచి పెదవుల మధ్య పెట్టి ఊదింది. అచ్చం పిట్టే! ఇక నాలుగు కొండల మీదా మనుషులు పొదల చాటున కూర్చుని పొద్దస్తమానం అదే సాధన. పిట్ట మీద ప్రేమతోనే చేశారు పాపం, ఆ మాట ఒప్పుకోవాలి.

మగపిట్ట తూర్పు కొండ మీద మంచి కొమ్మ చూసుకుని నోరు తెరవబోయింది. పక్కనుంచి కూత! ఒకటి కూసిన చోట ఇంకొకటి గూడు కట్టకూడదని ఆ పిట్టల కట్టుబాటు. సిగ్గుపడి వెనక్కి తిరిగింది. మిగతా మూడు కొండల మీదా అదే వరస.

"మనవాళ్లు ఇంతమంది ఉన్నారటే!" అంది ఆడపిట్ట దగ్గరికొచ్చి. దానికి నిజంగా సంతోషం వేసింది.

"సంతోషం సరేనయ్యా, గుడ్లు నీ నెత్తిన పెట్టనా? కాస్త చోటిమ్మని అడిగి చూడరాదూ?"

మగపిట్ట మొహమాటం దిగమింగి, ముసలమ్మ ఉన్న కొండకి వెళ్లి సన్నగా కూసింది.

ముసలమ్మ చెవులు రిక్కించింది. "ఎవడ్రా అది? గొంతు పీలగా ఉంది. అలా కూస్తే దొర నమ్ముతాడా? ఇలా కూయాలి!" అని ఊపిరంతా బిగబట్టి ఊదింది.

"ఏమన్నారు?" అంది ఆడపిట్ట.

"కసిరి పొమ్మన్నారే."

పున్నమి నాటి పొద్దున దొర వచ్చాడు. నాలుగు కొండలూ మారుమోగాయి. "అబ్బో, ఎంత పెరిగాయి!" అని అడవి జోలికి ఎవరూ పోరాదని అక్కడికక్కడే శాసనం రాయించాడు. ముసలమ్మ ఆనందం పట్టలేక బావురుమంది.

ఆ వేళకి రెండు పిట్టలూ ఒడ్డు దాటి నీళ్ల మీద ఎగురుతున్నాయి.

"అవతల ఇంకో దీవి ఉందంటావా?" అంది ఆడపిట్ట, రొప్పుతూ.

"ఉండకేం? మనవాళ్లు ఇంతమంది ఒక్క దీవిలో ఎలా పడతారు?" అంది మగపిట్ట.