నల్లరాయి పట్టని గాలి

నాగులగుట్ట సిమెంటు ఫ్యాక్టరీలో సుదర్శనం అనే సూపర్‌వైజరు ఉండేవాడు. పని తెలిసినవాడే గానీ, ఒళ్లంతా తొందర. అన్నం ఉడక్కముందే విస్తరి వేసుకుని కూర్చునే రకం.

ఆ ఫ్యాక్టరీలో బట్టీ నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదలకుండా ట్యాంకులో పట్టేవారు. దాన్ని నీళ్లలో కలిపి, సోడాలా చేసి, బోరు గుండా గుట్ట అడుగున ఉన్న నల్లరాతిలోకి పంపేవారు. ఆ సోడానీరు రాతిని కొద్దికొద్దిగా కరిగించి, అందులోని సున్నంతో కలిసి తెల్లరాయిగా గడ్డకట్టేది. రాయి అయ్యాక ఇక పైకి రాదు. దీనికి నీళ్లు బాగా కావాలి, ఓపిక ఇంకా బాగా కావాలి. కొత్తవాళ్లకు ఈ మాట చెప్పి పని నేర్పింది కూడా సుదర్శనమే.

ఒకసారి యజమాని పట్నం నుంచి పెద్దమనుషులను తీసుకొస్తున్నాడని తెలిసింది. వాళ్లు వచ్చేసరికి ట్యాంకు ఖాళీ చేస్తానని సుదర్శనం గొప్పగా మాట ఇచ్చేశాడు. తీరా చూస్తే సగం కూడా తగ్గలేదు. ఏం చేశాడు? నీటి వాల్వు కట్టేసి, ఉత్త గ్యాసునే బోరులోకి తోసేశాడు. ట్యాంకు మీటరు ముల్లు సున్నాకు దిగింది. హమ్మయ్య అనుకుని చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు పెద్దమనుషులు ముల్లు చూసి మెచ్చుకున్నారు. యజమాని అతనికి శాలువా కప్పాడు. అది ఇంకా భుజాన ఉండగానే, గొర్రెలు కాసే లింగవ్వ రొప్పుకుంటూ వచ్చింది. నీడ కోసం ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న పాత క్వారీ గుంతలోకి దిగిన గొర్రెలు రెండు పడిపోయాయనీ, కదలడం లేదనీ చెప్పింది.

రాయి కాని గ్యాసు పగుళ్ల వెంట పైకొచ్చి, గాలికన్నా బరువు కనుక గుంతలో నిలిచిపోయిందని సుదర్శనానికి తెలుసు. చెబితే పరువు పోతుంది.

"ఎండదెబ్బ తగిలుంటుంది లింగవ్వా. నీళ్లు చల్లు, లేస్తాయి" అన్నాడు.

ఆమె నమ్మి, బిందె నింపుకుని గుంత వైపు నడిచింది. ఇక్కడ టీలు వచ్చాయి. సుదర్శనం గ్లాసు అందుకుని గుంత వైపు చూశాడు. గుంత అంచున లింగవ్వ చెప్పులు విడుస్తోంది. అతను గ్లాసు పారేసి పరుగెత్తాడు.

"దిగకు లింగవ్వా! దిగితే చస్తావు. ఎండదెబ్బ కాదు, నేను వదిలిన గ్యాసు" అని అందరూ వినేలా అరిచాడు.

లింగవ్వ బిందె కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది.

"నీళ్లు చల్లుమన్నది నువ్వే గద సారూ" అంది.

గొర్రెలు దక్కలేదు, సూపర్‌వైజరు పనీ దక్కలేదు. యజమాని సుదర్శనాన్ని ఆ నీటి వాల్వు దగ్గరే కాపలా పెట్టాడు.

చాలా కాలానికి గుట్టను తొలిచి రాతి ముక్క పైకి తీశారు. నల్లరాతి చిల్లుల నిండా తెల్లరాయి పేరుకుని ఉంది. నీళ్లతో పంపిన గ్యాసు ఇదేనని సుదర్శనం కొత్తవాళ్లకు చూపించేవాడు. మరి ఉత్తగా పంపినది ఏమైందని ఎవరైనా అడిగితే, గుంత చుట్టూ వేసిన కంచె చూపించేవాడు.

నీతి: చెడును కంటికి కనపడకుండా దాచినంత మాత్రాన అది పోదు, ఓపికగా మార్చుకుంటేనే పోతుంది.