పాతర రాగులు, గోపురం బొరుగులు

ఎర్రగుట్ట కింది జంతువులకు ఒక మంచి కట్టుబాటు ఉండేది. దానికి ఒక నక్క ఎట్లా తూట్లు పొడిచిందో, మిగతావాళ్లు నోళ్లు తెరుచుకుని ఎట్లా చూస్తూ కూర్చున్నారో చెప్తాను. చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. వింటుంటే మీకూ మండాలి.

కట్టుబాటు ఇదీ. రాగి కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలను అందరూ కలిసి ఏరుకొచ్చి, గుట్ట వాలులో తవ్విన పాతరలో పోసి, పైన బండ మూసేవాళ్లు. ఎండాకాలం గడ్డి మాడిపోయాక ఆ గొయ్యి తెరిచి, పిల్లల తల్లులకు రోజూ తలా ఒక ముంత రాగులు కొలిచి ఇచ్చేవాళ్లు. వాళ్లు ముద్ద చేసుకుని తినేవాళ్లు. ఎంత ఆకలైనా ఇంకెవరూ అందులో మూతి పెట్టకూడదు. పాలిచ్చే తల్లి తిన్నాకే పాలెగాడైనా తినాలి అనేది అక్కడి మాట.

ఆ ఏడు పాతర కాపలాకు, కొలతకు, అడవి రేచుకుక్కలు రాకుండా గుట్ట చుట్టూ తిరగడానికి నక్క ఓబులేసును పెట్టారు. ఎందుకయ్యా అంటే, బాగా మాట్లాడతాడట! దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. నక్క రాగులు తింటుందా అని మధ్యలో అడ్డం రాకండి. ఊరికే వస్తుందంటే నక్క రాళ్లయినా తింటుంది.

ఊరి చివర బొరుగులు, అదే మరమరాలు, వేయించే బట్టీ ఒకటి ఉంది. దాని చుట్టూ రాలిన బొరుగులను అక్కడి ఎలుకలు కుప్పలు కుప్పలుగా పోగేసుకునేవి. ఓబులేసు వాటితో బేరం కుదుర్చుకున్నాడు. చారెడు రాగులిస్తే గంపెడు బొరుగులు. ఇంకేముంది, ఒకరోజు పొద్దున్నే తల్లులందరినీ పిలిచాడు.

"అక్కల్లారా, ఎన్నాళ్లని ఆ నల్ల ముద్ద మింగుతారు? చూస్తాంటే నా కడుపు తరుక్కుపోతాంది. ఇదిగో, బొరుగులు! మల్లెమొగ్గల్లాగా ఎంత తెల్లగా ఉండాయో చూడండి. విసిరే పని లేదు, కెలికే పని లేదు. పైగా రాగుల కంటే బలం."

కోడిపుంజు రంగస్వామి రెండు గింజలు నోట్లో వేసుకుని రెక్కలు కొట్టాడు. "అబ్బబ్బ! కరకరలాడతాండాయి! టౌనులో దొరలు తినేది ఇదే. మా కోళ్లకు ఈ పొద్దు నుంచి ఇదే!"

గుట్టకు పెద్ద ముసలి ఎద్దు గిడ్డయ్య. ఓపికమంతుడు, ఎవరు చెప్పినా వింటాడు. ఆయన నెమరు ఆపి అడిగాడు. "కొలత తగ్గించలేదు కదప్పా?"

"తగ్గించడమా! ఎంత మాట పెద్దాయనా! రాగులైతే ముంత అంచుకు సమానంగా గీసి ఇచ్చేటోణ్ణి. బొరుగులు పైన గోపురం లేపి ఇస్తా."

"అయితే ఇంకేం, మేలే కదా," అని ఎద్దు మళ్లీ నెమరేసుకున్నాడు.

మేలంట మేలు! ముంతకు ముంత సరే, బరువు చూడొద్దా? ఒక ముంత రాగుల బరువు తూగాలంటే ఏడెనిమిది ముంతల బొరుగులు పోయాలి. పోనీ, బరువైనా సరిపెట్టాడనుకుందాం. వడ్లకు పొట్టు తీశారు, తవుడు తీశారు, మిగిలిన తెల్ల బియ్యాన్ని వేడి ఇసుకలో ఉబ్బించారు. దాంట్లో ఎముకకు పట్టే సున్నమేదీ? రాగిలో బోలెడుంది. పైపొట్టుతో సహా పిండి చేస్తారు కాబట్టి పీచూ ఉంటుంది, ముద్ద తింటే పొద్దువాలేదాకా ఆకలి ఊసుండదు. ఊరికే నమలడానికి, సాయంత్రం పూట ఉల్లిపాయ, మిరపకాయ కలుపుకోడానికి బొరుగులు మంచివే. నేనూ తింటాను. కానీ బిడ్డకు పాలివ్వాల్సిన తల్లి కంచంలోంచి ముద్ద తీసేసి ఇది పోస్తారా? నోరు లేనివాళ్లంటే అంత అలుసా?

మేక సుంకమ్మ అప్పుడే ఈనింది. ఒకటే పిల్ల, పుట్టగానే చెంగున లేచింది. బొరుగులు మొదలైన కొన్నాళ్లకే సుంకమ్మ పొదుగు ఖాళీ తిత్తిలా వేలాడింది. పిల్ల చీకి చీకి, పాలు రాక, పొదుగును తలతో కుమ్మేది. తర్వాత కుమ్మడానికీ బలం లేకపోయింది. లేవబోతే ముందుకాళ్లు వంగి కూలబడేది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే పిల్ల దక్కదని ఆ తల్లికి తెలిసిపోయింది. పరుగున నక్క దగ్గరికి పోయింది.

"ఓబులేసు మామా, నీకు పుణ్యముంటాది, నా వంతు రాగులు నాకియ్యి. బొరుగులతో పాలు పడడం ల్యా."

"గోపురం పోసి ఇస్తాంటే ఇంకా ఏడుపేనా సుంకమ్మా? తిన్నింటి వాసాలు లెక్కబెట్టేదానివి!"

"తిన్న కాసేపటికే కడుపు కాలతాంది మామా. పిల్ల నిలబడడం ల్యా."

"పిల్ల నిలబడకుంటే అది నీ సాకుడు తప్పు. నా కొలతలో తప్పుంటే చూపించు!" అన్నాడు ఆ పాపిష్టివాడు. అంటూ త్రేన్చాడు. ఆ త్రేన్పులో రాగి ముద్ద వాసన గుప్పుమంది.

సుంకమ్మకు అంతా అర్థమైంది. రాగులు కొంచెం ఎలుకలకు పోతున్నాయి, మిగిలినవన్నీ వీడి పొట్టకు పోతున్నాయి. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఎద్దు దగ్గరికి పోయి మొరపెట్టుకుంది.

"తాతా, నక్క మా రాగులు తింటాండాడు. వాని నోట్లో వాసన నేనే చూసినా."

గిడ్డయ్య తల ఊపాడు. "వాసనకు సాక్ష్యం ఎవరమ్మీ? రోజూ ముంత చూస్తాండా. నిండుగానే ఉంటాంది. తొందరపడి ఒకరి మీద నింద వేయకూడదు."

పుంజు అందుకున్నాడు. "మా కోళ్లు కిమ్మనడం ల్యా. నీకొక్కదానికే ఏంది ఈ గోల?"

కిమ్మనే సత్తువుంటే కదా కోళ్లు అనడానికి! గుడ్లు పెంకు గట్టిపడక తోలుగుడ్లయిపోతున్నాయి, వీడేమో గుట్టెక్కి కూతలు కూస్తున్నాడు.

సుంకమ్మ కళ్లనీళ్లు మింగుకుంది. ఏడిస్తే వినేవాళ్లు లేరు, పోట్లాడితే నమ్మేవాళ్లు లేరు. ఆ సాయంత్రం అందరూ నీటిగుంట దగ్గర చేరినప్పుడు నవ్వు మొహం పెట్టుకుని ముందుకొచ్చింది.

"తాతా, తప్పయిపోయింది. ఓబులేసు మామను ఊరికే ఆడిపోసుకున్నా. బొరుగులంత గొప్ప తిండి ఇంకోటి ల్యా."

నక్క మీసం దువ్వాడు. "ఇప్పటికైనా తెలివొచ్చింది."

"అందుకే ఒక మాట చెప్తా తాతా. ఇంట్లో కూర్చుని పిల్లలకు పాలిచ్చే మాకు అంత గొప్ప తిండి ఎందుకు? పాపం, మామ పొద్దస్తమానం గుట్ట చుట్టూ తిరిగి రేచుకుక్కలు రాకుండా కాపలా కాస్తాండాడు. ఆ ఎండకు అల్లాడిపోతాండాడు. గోపురం బొరుగులు ఆయనకే పెడదాం. ఆ నల్ల ముద్దేదో మేమే మింగుతాం."

నక్క దువ్వుతున్న మీసం వదిలేశాడు. "అయ్యో, నాకెందుకమ్మా! తల్లులు ముందు తినాల. కట్టుబాటు..."

"మంచిదంటివి కదా మామా?"

"మంచిదే..."

"రాగుల కంటే బలమంటివి కదా?"

"బలమే, కానీ..."

"మరి బలమైన తిండి కష్టపడేవానికి పెట్టకపోతే పాపం కదా తాతా?"

ఎద్దుకు కళ్లు చెమర్చాయి. "ఎంత మంచి మనసు అమ్మీ నీది! ఓబులేసూ, ఇంక నువ్వు తిండి వెతుక్కుంటూ తిరగాల్సిన పనే ల్యా. పూటకో ముంత ఇక్కడే, మా అందరి ముందర తిను. మేమూ చూసి సంతోషపడతాం."

"ఇంకోటి తాతా," అంది సుంకమ్మ. "తిరిగి తిరిగి అలసిపోయిన మామ పాతర దగ్గర కూడా మేలుకోవాల్నా? నువ్వే ఆ బండ మీద పడుకో. కొలత నీ చేతి మీదే జరగనీ."

"దానికేం, ఎక్కడైనా పడుకునేదే కదా," అన్నాడు గిడ్డయ్య.

నక్క కుడితిలో పడ్డ ఎలుకైపోయాడు. బాగోదని చెప్తే తన అబద్ధం బయటపడుతుంది, బాగుందంటే తినాలి. తిన్నాడు. కరకరమని చప్పుడు చేస్తూ, నవ్వుతూ తిన్నాడు. పుంజు పక్కన కూర్చుని, "అదృష్టవంతుడివయ్యా!" అని పొగిడాడు.

అదే పొద్దు నుంచి తల్లులకు ముద్ద తిరిగొచ్చింది. సుంకమ్మ పొదుగు మెల్లగా బరువెక్కింది. మేకపిల్ల గుటకలు వేస్తుంటే ఆ తల్లి కదలకుండా నిలబడి అట్లాగే చూస్తుండేది.

ఎండకు మాడిన గుట్ట మీద వేరే తిండి దొరక్క, వారం తిరక్కముందే నక్క డొక్కలు లోపలికి పోయాయి. గుట్ట చుట్టూ సగం తిరిగేసరికి కాళ్లు వణికేవి. ఒకరోజు నడెండలో అందరి ముందూ గిడ్డయ్య కాళ్ల దగ్గర కుప్పకూలాడు.

"పెద్దాయనా, ఒక్క ముద్ద... రాగి ముద్ద పెట్టించు."

ఎద్దు కంగారుపడ్డాడు. "ఎందుకప్పా, బొరుగులు అయిపోయినాయా?"

"ఉండాయి."

"గోపురం తక్కువైందా?"

"గోపురం తీసుకుని ఏం చేసుకునేది! అందులో గాలి తప్ప ఏముందని! పైన పటారం, లోన లొటారం! పాతర రాగులు తిన్నన్నాళ్లు నేనెట్లుంటి, ఇప్పుడెట్లయితి..."

అని నాలుక కరుచుకున్నాడు. అప్పటికే అందరూ విన్నారు. పుంజు కూడా విన్నాడు.

సుంకమ్మ కొమ్ములు వంచి ముందుకొచ్చింది. "తెలుసా నీకు? తెలిసే పెట్టినావా? నా పిల్ల మోకాళ్లు మడిచి కూలబడతాంటే, సాకుడు రాదని నన్నంటివే! నీకు ఒక్క వారం తింటేనే కాళ్లు ఆడలేదు. పాలు తాగే పసిదానికి ఎట్లా ఆడతాయిరా దరిద్రుడా?"

ఆమె ఎద్దు వైపు తిరిగింది.

"నువ్వూ అంతే తాతా. ముంత చూస్తివి, గోపురం చూస్తివి. ఒక్కసారి వచ్చి నా పిల్లను చూసినావా?"

గిడ్డయ్య తల దించుకున్నాడు. తర్వాత నక్కను ఒక్క కొమ్ముతో లేపి గట్టు అవతల పడేశాడు. "ఈ గుట్ట కింద నీ మొహం మళ్లీ కనబడకూడదు. నీ బొరుగులు నువ్వే తీసుకునిపో!"

ఓబులేసు గంపెడు బొరుగులు నెత్తిన పెట్టుకుని తూలుకుంటూ బయల్దేరాడు. ఇంతలో వడగాలి లేచింది. గంప మీది గోపురం ఎగిరిపోయింది, దాని కిందివీ పోయాయి. వాటి వెనకాల పరుగెత్తే ఓపిక వాడికి లేదు. "గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అనుకో మామా!" అని గట్టు మీంచి కేకేసింది సుంకమ్మ. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. పక్కన ఆమె పిల్ల నిలబడి ఉంది. బతికింది, కానీ ముందుకాలు ఒకటి వంకరగానే ఉండిపోయింది.

నీతి: ఎదుటివాడికి ఇదే మేలైన తిండి అని చెప్పేవాడు, ముందు దాన్ని తన కంచంలో వడ్డించుకోవాలి.