గరిక ఎందుకు పడుకుంది?

ఒకప్పుడు గరికకు నడుముండేది. జొన్నచేనులా నిటారుగా, మనిషి మొలెత్తున నిలబడేది. దుబ్బుకు ఒక్కటే వేరు. గాలి వస్తే అటు ఊగేది, గాలి మళ్లితే ఇటు ఊగేది. మిట్ట మీద ఎక్కడ చూసినా గరికే.

మిట్ట కింద మారెక్క చేను. చేను కింద కుంట. వాన మిట్ట మీద పడి, చేనులోంచి నడిచి, కుంటకు చేరేది. ఆ రోజుల్లో వానకు నడకే తప్ప పరుగు తెలియదు.

అట్లా నడిచే వానను కూడా గరిక ఊరికే పోనిచ్చేది కాదు. "ఎక్కడినుంచి రాక? కాసేపు కూర్చుని పోరాదా?" అని దుబ్బుదుబ్బు దగ్గరా ఆపేది. వాన కూర్చునేది. కూర్చున్నచోట నేల కాస్త తాగేది. కిందికి వస్తే చేనులో కొర్ర కాస్త తాగేది. మిగిలింది కుంటలోకి పోయేది. ఆ నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున తిరిగే చేపల నీడలు కూడా కనిపించేవి.

కుంటకు మాత్రం ఇది నచ్చేది కాదు.

"చూడు మారెక్కా," అంది ఒకరోజు. "ఈ వాన చుట్టం అందరి ఇళ్లలో తిని, తాగి, చివరికి నా గడపలోకి వస్తుంది చేతులూపుకుంటూ. దసరా దాటింది, ఇంకా నేను సగం కూడా నిండలేదు. నీ ఎద్దులు నీళ్లకు వచ్చేది నా దగ్గరికే కదా?"

మారెక్కకు ఆలస్యమంటే గిట్టదు. పొద్దున్నే సంగటి కెలికి, ఎద్దులకు మేత వేసి, ఎండెక్కకముందే చేనులో ఉండే మనిషి. వాన మిట్ట మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఆమెకూ చాలాకాలంగా కంటగింపుగానే ఉంది.

"నీళ్లు ఇట్ల పడి అట్ల నీ దగ్గరికి రావాల. అంతేనా?"

"అంతే."

"ఆ మాత్రానికి ఇంత ఏడుపెందుకు?"

ఎండాకాలంలో మారెక్క మిట్టకు నిప్పు పెట్టింది. రెండు పూటల్లో గరికంతా బూడిదైంది. కుంటకట్ట మీద, తడి ఉన్నచోట, నాలుగు దుబ్బులు మాత్రం మిగిలాయి. తరువాత ఆమె ఎద్దులను కట్టి, చేనును పైనుంచి కిందికి, వాలు వెంటే దున్నింది. సాళ్లన్నీ మిట్ట దగ్గర మొదలై తిన్నగా కుంట ఒడ్డుకు దిగాయి, తలలో పాపిట తీసినట్టు.

పక్కచేను గిడ్డన్న గొర్రెలు తోలుకుపోతూ ఆగాడు. వయసులో పెద్దవాడు, వరసకు ఆమెకు మామ.

"అమ్మీ, ఇదేం దుక్కి? అందరూ వాలుకు అడ్డం దున్నుతారు. నువ్వు నిలువు దున్నితివి."

"నీళ్లకు దారి వేస్తాండా మామా."

"దారి వేస్తే నీళ్లొక్కటే పోతాయని ఎవరు చెప్పిరి నీకు?"

"నీ గొర్రెలు నా చేన్లో పడతాండాయి. ముందు వాటిని చూసుకో."

తొలకరి వచ్చింది. వాన మిట్ట మీద దిగి అటూ ఇటూ చూసింది. ఆపేవాళ్లు లేరు. కూర్చోమనేవాళ్లు లేరు. ఒక అడుగు గబగబా వేసింది. ఇంకొకటి వేసింది. అంతే, పరుగు వచ్చేసింది! కేకలు పెట్టుకుంటూ సాళ్లలో పడి, మారెక్క గోనెసంచి తలమీద కప్పుకునేలోపల కుంటలో దూకింది.

ఒక్క వానకే కుంట నిండిపోయింది.

"ఎట్లుంది ఇప్పుడు?" అంది మారెక్క కట్టమీద నడుం మీద చేతులు పెట్టుకుని.

"హాయిగా ఉంది. నీళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి, అంతే. తేరుకుంటాయిలే."

తేరుకున్నాయి. ఎర్రదంతా అడుగుకు దిగింది. దిగినదేమిటో ఎవరూ పట్టించుకోలేదు.

రెండో ఏడు కొర్ర మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. గింజ పట్టిన వెన్ను చూపుడువేలంత కూడా లేదు. మూడో ఏడు చేనులో కాలు పెడితే రాళ్లు గుచ్చుకున్నాయి.

"ఏంది, యాడినుంచి వచ్చినారు మీరంతా?" అని కసిరింది మారెక్క.

"మేము ఎక్కడినుంచీ రాలేదు," అన్నాయి రాళ్లు. "ఎప్పుడూ ఇక్కడే ఉన్నాం, దుప్పటి కింద. దుప్పటి పోయింది, మేము కనబడుతున్నాం."

"యాడికి పోయింది?"

"వాన వెంట. మన్నులో సన్నటిది, బలమైనది ముందు లేచింది, పాలమీద మీగడ లేచినట్టు. నువ్వు తోలిన పెంట ఎరువు కూడా దానితోనే పోయింది. మాకు పరుగు రాదు, మిగిలిపోయాం."

మారెక్క నేరుగా కుంట దగ్గరికి వెళ్లింది. కుంట వెడల్పుగా, పలచగా, పచ్చగా ఉంది. నీళ్లమీద పాచి దుప్పటిలా పరుచుకుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎద్దులు మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తీసుకున్నాయి.

"నా మన్ను నీ దగ్గరుందా?"

"ఉంది," అని మూలిగింది కుంట. "మూడేళ్లుగా మింగుతున్నాను. ఒకప్పుడు రెండు నిలువుల లోతు నాది. ఇప్పుడు కొంగ వచ్చి నిలబడితే దాని మోకాళ్లు కూడా తడవడం లేదు. నీ చేను బలమంతా నాలో పడి అజీర్తి చేసింది. అందుకే ఈ పాచి. తీసుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

చలి పోయీ పోకముందే కుంట ఎండిపోయింది. నెర్రెలు విచ్చింది.

మారెక్క ఇంట్లో విత్తనం కొర్రలు ఒక్క కుండ మిగిలాయి. బూడిద కలిపి, వేపాకు పరిచి అటక మీద పెట్టింది. ఈసారి వేసింది పండకపోతే మళ్లీ వేయడానికి గింజ లేదు. ఎద్దులను తెగనమ్మి, చేను వదిలి, పనికోసం ఎక్కడికో పోవాల్సిందే. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఏడుస్తూ కూర్చోనూ లేదు. పార, గంప తీసుకుని బండి కట్టింది.

నెలరోజులు కుంటలో పూడిక తవ్వి చేనుకు తోలింది. గిడ్డన్న వచ్చి చేతికర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"తోలిన మన్ను మళ్లీ వాన ఎత్తుకుపోతుంది గదా అమ్మీ?"

"ఆ మాట మూడేళ్ల కిందట గట్టిగా చెప్పింటే ఏం పోయేది మామా?"

"చెప్తిని. గొర్రెల్ని చూసుకోమంటివి."

మారెక్క పార అందించింది. గిడ్డన్న కర్ర పక్కన పెట్టి గంపలు నింపాడు.

ఈసారి ఆమె వాలుకు అడ్డంగా దున్నింది. అడ్డంగానే మూడు గట్లు వేసింది. కానీ అవి వదులుమన్ను గట్లు, మొదటి వానకే కరిగిపోతాయి. పట్టుకునేవాళ్లు కావాలి.

తుమ్మచెట్టును అడిగింది. "నేను నిలబడ్డచోటయితే పట్టుకుంటాను. నా పక్కనుంచి పోయే నీళ్లను ఏం చేయను?" అంది తుమ్మ.

రాళ్లను అడిగింది. "వరసగా పేర్చితే కూర్చుంటాం. మా సందుల్లోంచి మన్ను జారితే మాత్రం మమ్మల్ని అనొద్దు," అన్నాయి రాళ్లు.

ఇక మిగిలింది కుంటకట్ట మీది గరిక. మారెక్కను చూడగానే అది మొహం తిప్పుకుంది.

"వచ్చిందమ్మా, నిప్పులమ్మ!"

"తప్పు చేసినా," అంది మారెక్క.

"ఏమన్నావు? గాలికి వినపడలేదు."

"తప్పు చేసినా అంటి! ఎన్నిసార్లు చెప్పాల?"

"ఇంకో రెండుసార్లు చెప్పినా అరిగిపోవులే. సరే, ఏం కావాలి?"

"నా గట్లు పట్టుకోవాల."

గరిక తల అడ్డంగా ఊపింది. "వాన ఇప్పుడు నడవదు మారెక్కా. పరుగు మరిగింది. ఒంటికాలి మీద నిలబడి దాన్నెట్లా ఆపను? తోసేసి పోతుంది."

"నిలబడి ఎవరు ఆపమన్నారు? పడుకో."

"నేనా? నేలమీదా? గొర్రెలు తొక్కవా?"

"తొక్కుతాయి. తొక్కనీ. పడుకున్నదాన్ని ఎవరు పడదోస్తారు?"

గరిక తన ఒంటిమీది కణుపులు లెక్కపెట్టుకుంది. "అయితే ఒక్క వేరు చాలదు," అంది చివరికి. "నా ఒంట్లో ఎన్ని కణుపులున్నాయో అన్ని వేళ్లు కావాలి. కాల్చినా, కోసినా, పీకినా, ఒక్క కణుపు మిగిలితే చాలు, మళ్లీ లేవాలి. నీలాంటివాళ్లు ఇంకా పుడతారు కదా!"

నేల అంతా వింటూనే ఉంది. "నన్ను పట్టుకునేదానికి ఎన్ని కాళ్లయినా ఇస్తాను," అంది.

"గట్టుమీద నీ ఇష్టం," అంది మారెక్క. "నా చేన్లోకి మాత్రం రాకూడదు."

"వస్తా."

"వస్తే పీకుతా."

"పీకు. నాకేం, కణుపులు బోలెడు."

మారెక్క గరికను ముక్కలు చేసి గట్ల పొడవునా నాటింది. కుంటలో నీళ్లు లేవు కాబట్టి దూరపు బావినుంచి కడవలతో మోసి పోసింది. నెత్తిమీద చుట్టకుదురు అరిగిపోయేదాకా మోసింది. గరిక పడుకుంది. ఒక్కో కణుపు దగ్గరా తెల్లటి వేరు దించింది.

చిరుజల్లుకు నేల పదునెక్కగానే మారెక్క కుండ దించి విత్తనమంతా చల్లింది. ఒక్క గింజ కూడా వెనక్కి పెట్టలేదు.

మూడోరోజు పెద్దవాన వచ్చింది. అలవాటుగా కేకలు పెట్టుకుంటూ మిట్ట దిగి, మొదటి గట్టును గుద్దింది. గట్టు అదిరింది. ఒక కొస తెగి, నాలుగు సాళ్ల విత్తనం ఎర్రమన్నుతో కొట్టుకుపోయింది. మారెక్క తడుస్తూ చూస్తూ నిలబడింది. చేయగలిగింది ఏమీ లేదు.

"వదులు!" అని అరిచింది వాన.

"కూర్చుంటే వదులుతా," అంది గరిక. ఒక కణుపు ఊడింది. రెండోది పట్టుకుంది. రెండోది ఊడింది. మూడోది, నాలుగోది, పదోది పట్టుకున్నాయి.

వాన రొప్పుతూ గట్టు వెనకాల కూర్చుంది. నేల తాగింది. రెండో గట్టు దాటేసరికి వాన నడుస్తోంది. మూడోది దాటి కుంటకు చేరేసరికి పొద్దు వాలింది. నీళ్లు దాదాపు తేటగానే ఉన్నాయి.

అయిదోరోజు చేనంతా సూదిమొనల్లా కొర్ర మొలకలు లేచాయి, తెగిన ఆ నాలుగు సాళ్లలో తప్ప. మారెక్క గట్టుమీద కూర్చుని, చాలా రోజుల తరువాత, కడుపునిండా సంగటి తింది. చేయి కడుక్కుని చేనులోకి చూస్తే, మొలకల మధ్య గరిక అప్పుడే రెండు కాళ్లు పెట్టి ఉంది.

"వచ్చేస్తివా!" అంటూ కొంగు దోపి కలుపుకు వంగింది.

మిట్ట మీద ఖాళీ ఉన్నచోట మాత్రం వాన పరుగు మానలేదు. అందుకే తొలకరికి కుంటనీళ్లు ఎర్రబడతాయి. అందుకే ఎండాకాలం రైతులు కుంటల్లో పూడిక తవ్వి చేలకు తోలుకుంటారు.

గరికకు మాత్రం మళ్లీ నడుము రాలేదు. అప్పటినుంచే అది నేలను కరుచుకుని పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దించుతుంది. గట్టుమీద దాన్ని ఎవరూ కదిలించరు. చేనులో ఎంత పీకినా, ఎక్కడో ఒక కణుపు మిగిలే ఉంటుంది.