ఆరు రెట్లు

నిష్ఠల సోమయాజులు గారికి ఒక అలవాటు ఉండేది. ఏది న్యాయమని శిష్యుడెవరైనా అడిగితే తాను తేల్చేవారు కాదు. అడిగినవాడి చేతనే తీర్పు రాయించేవారు.

ఆదివారాల్లో ఆయన దగ్గర గీత చదువుకునేవారిలో ఆదిశేషు ఒకడు. జనపనార మిల్లులో ఆపరేషన్స్ మేనేజరు. మగ్గాలు ఆగినా, బాయిలరు మొరాయించినా, కూలీలు గేటు దగ్గర బైఠాయించినా పరుగెత్తాల్సింది అతనే. ఆ ఏడు కంపెనీ నివేదికలో ఒక అంకె అతని కంటపడింది. పట్నంలో కూర్చునే మేనేజింగ్ డైరెక్టరు జీతం తన జీతానికి ఇరవై రెట్లు. అది చూసినప్పటినుంచి అన్నం సయించలేదు. ఇది న్యాయమేనా అని గురువును అడిగాడు.

"ఎంత ఉంటే న్యాయమో నువ్వే రాసుకురా," అన్నారు సోమయాజులు గారు.

వారం రోజులు ఆలోచించి ఆదిశేషు డైరెక్టర్ల బోర్డుకు ఉత్తరం రాశాడు. పై మనిషి జీతం కింది మనిషి జీతానికి ఆరు రెట్లకు మించకూడదని దాని సారాంశం. గురువు చదివి బాగుందన్నారు. కింది మనిషి అంటే ఎవరని మాత్రం అడిగారు. నేనేనండి అనబోయి ఆదిశేషు ఆగాడు. మిల్లులో అందరికన్నా తక్కువ తీసుకునేది ఎవరో, ఎంతో అతనికి తెలియదు. అలాంటివాళ్ళు కాంట్రాక్టరు మనుషులు, వాళ్ళ కూలి మిల్లు పద్దుల్లో ఉండదు. కనుక్కుని రమ్మన్నారు గురువు.

మర్నాడు ఆరా తీస్తే అందరికన్నా తక్కువ కూలి ఊడ్చేవాళ్ళకేనని తేలింది. అతను నార దుమ్ము ఊడ్చే మనిషి దగ్గర ఆగాడు. పదకొండేళ్ళుగా రోజూ ఆమె పక్కనుంచే నడుస్తున్నాడు గాని, పేరు పైడితల్లి అని ఆ రోజే తెలిసింది. రోజుకు ఎంత ఇస్తున్నారని అడిగేసరికి ఆమె చీపురు కింద పెట్టేసింది.

"ఏటి బాబూ, తగ్గించేత్తారేటి? మొన్న ఒక్క పూటే కదా నాగా పెట్టినాను."

అందుకు కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. మూడు వందల నలభై అని నేల చూస్తూ చెప్పింది. ఆదిశేషు తన గదికి వెళ్ళి లెక్క వేశాడు. ఆమె నెల కూలికి తన జీతం పద్దెనిమిది రెట్లు. మళ్ళీ వేశాడు. అంకె మారలేదు.

ఉత్తరం తిరగరాయడానికి కూర్చున్నాడు. కింది మనిషి అన్నచోట పైడితల్లి పేరు పెడితే, ఎం.డి. సంగతి అటుంచి, తన జీతంలోనే మూడో వంతు మిగులుతుంది. కొత్తగా కట్టుకున్న ఇల్లు, కూతురి చదువు కళ్ళముందు మెదిలాయి. అయినా పేరు రాశాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి కలం కదలలేదు.

సంతకం లేని ఆ కాగితాన్నే ఆదివారం గురువు ముందు పెట్టాడు. సిగ్గుగానే ఉంది, లోపల కొంత కోపంగానూ ఉంది. అయితే ఆ ఎం.డి. జీతం న్యాయమేనంటారా అని అడిగాడు.

సోమయాజులు గారు కాగితం మడిచి అతని చేతికే ఇచ్చారు.

"అన్యాయమే నాయనా. ఎవరికన్నది నువ్వే కనుక్కొచ్చావు."