సమ్మెటగట్టు జంటస్వాముల బండ

సమ్మెటగట్టు మీద గోపురం లేదు, విగ్రహం లేదు. ఉన్నది ఏనుగంత నల్లబండ ఒకటి, దానిలోంచి బెత్తెడు బయటికి వేలాడే ఎర్రగుడ్డ కొస ఒకటి. ఆ కొస ఎండకు వెలిసిపోదు, లాగితే రాదు. మిట్టమధ్యాహ్నం బండకు చెవి ఆనిస్తే లోపల రాయి కొడుతున్న చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు ఆగినప్పుడు మాత్రం ఎవరూ నోరు విప్పరాదు.

పూర్వం ఇక్కడ కోట కట్టించిన పాలెగాడు రంగపనాయుని దగ్గర ఓబులేసు, గురవప్ప అనే రాతిపనివారు ఉండేవారు. ఓబులేసు ఉలి పట్టేవాడు, గురవప్ప సమ్మెట వేసేవాడు. ఒకే గుడిసె, ఒకే పొయ్యి. వారిని అన్నదమ్ములని చెప్పేవారున్నారు. అది తప్పు. వారు ఆలుమగల వలె బ్రతికారు. పెద్దలు అలాగే చెప్పారు, ఇక్కడ అలాగే రాయబడింది.

తోటివారు ఎకసెక్కాలాడేవారు. "ఏమప్పా గురవప్పా, ఓబులేసు ఉలి పడితే గాని నీ చెయ్యి లేవదంట?"

"వాడు పట్టిన ఉలి మీద కండ్లు మూసుకొని కొడతా మామా. నువ్వు పట్టు, చూద్దాం."

మామ చేతులు వెనక్కి దాచుకునేవాడు.

ఈ మాట పాలెగాని చెవిన పడింది. ఇద్దరు మగవారి కాపురం తన కోటకు అరిష్టమని అతని నమ్మకం. "గంతలు కట్టుకొని నూరు దెబ్బలు వెయ్యి. వాని వేలు నలగకుంటే కలిసి బ్రతకండి. నలిగితే ఒకడు తూర్పుకు, ఒకడు పడమటికి" అన్నాడు గురవప్పతో.

ఓబులేసు తన ఎర్ర తలపాగా చించి గురవప్ప కళ్ళకు కట్టి, బండ ముందు కూర్చున్నాడు. అతనికి భయం లేదు. ఆ సమ్మెట రాక తన ఊపిరి తెలిసినట్టు తెలుసు. అరవయ్యో దెబ్బకు పాలెగాడు కనుసైగ చేశాడు. ఒక బంటు ఈటెకర్రతో గురవప్ప మోచేతిని నెట్టాడు. సమ్మెట ఓబులేసు వేళ్ళ మీద పడింది.

"ఓబులేసూ, తగిలిందా?"

తగిలిందంటే గురవప్ప మళ్ళీ సమ్మెట ఎత్తడు. "లేదు. కొట్టు."

నెత్తురు బండలోకి ఇంకింది. ఇంకిన చోట రాయి తడిమట్టిలా మెత్తబడి, ఉలి తల మాత్రం బయట మిగిలేలా అతని చేతిని మణికట్టు దాకా లోపలికి తీసుకుంది. లోపల చల్లగా ఉంది. నొప్పి లేదు.

"చెయ్యి చూపించరా!" పాలెగాడు గద్దించాడు.

"నూరు కానీ దొరా."

నూరు అయ్యింది. గురవప్ప సమ్మెట దించి, "అయిందా?" అన్నాడు.

అయిందంటే చెయ్యి చూపాలి. చూపితే ఎడబాటే. "ఇంకా కాలేదు" అన్నాడు ఓబులేసు. గురవప్ప కూడా మనసులో లెక్కపెడుతూనే ఉన్నాడు. అయినా సమ్మెట ఎత్తాడు.

దెబ్బ దెబ్బకూ ఓబులేసు లోపలికి జరిగాడు. ఉలి మోగిన చోటికి గురవప్ప కూడా బండలోకి అడుగు వేశాడు. బంట్లు పట్టుకోబోతే చేతులకు రాయి తగిలింది. బండ మూసుకుంది. గంతల కొస మాత్రం బయట మిగిలింది, చప్పుడు మాత్రం ఆగలేదు. దానిని భరించలేక కోటలోనివారు ఆ ఏడే కోట విడిచిపోయారు.

నేటికీ కలిసి బ్రతకాలనుకునే జంటలు, ఆడా మగా అయినా, ఇద్దరు మగవారైనా, ఇద్దరు ఆడవారైనా, ఇక్కడికి వస్తారు. ఒకరు ఉలి పట్టగా, ఒకరు గంతలు కట్టుకొని మూడు దెబ్బలు వేసి "అయిందా?" అని అడగాలి. రెండవవారు "ఇంకా కాలేదు" అనాలి. ఆ జంటను ఎవరూ విడదీయలేరు.

నూరేసి దెబ్బలకొకసారి బండ లోపల చప్పుడు ఆగుతుంది. అప్పుడు బయటివారెవరూ పొరపాటున కూడా "అయింది" అనరాదు. లోపల ఒకరు అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు. చప్పుడు మళ్ళీ మొదలైన తరువాత భక్తులు దండం పెట్టుకొని కొండ దిగవచ్చును.